శునకాలు, పిల్లులలో దీర్ఘకాలిక వ్యాధుల యాజమాన్యం: ఒక సేద్య శాస్త్రవేత్త పరిశీలన

ఈ వ్యాస రచయిత పశువైద్యుడు కాడు. మూడు దశాబ్దాలుగా సేద్య విభాగంలో మెట్ట పంటలపై పనిచేస్తున్న ఉపాధ్యాయుడు. కనుక ఈ అంశంపై వ్రాయడానికి తనకు గల అర్హత ఏమిటో మొదటే చెప్పుకోవలసి ఉంది. నిజానికి అది అర్హత కాదు, ఒక పొరపాటు.

కొన్ని సంవత్సరాల క్రితం ఖరీఫ్‌లో చిత్తూరు జిల్లా పడమటి మండలాలలోని ఒక గ్రామానికి వేరుశనగ క్షేత్ర సందర్శనకు వెళ్ళడం జరిగింది. చేను గట్టున ఒక నాటు కుక్క వెనుక కాలు ఎత్తి కుంటుతూ మా వెంట నడిచింది. అడవిపందుల బెడద ఎక్కువగా ఉన్న ఆ ప్రాంతంలో రాత్రిపూట చేనికి కాపలా అదే. ఆకుమచ్చ తెగులుకు మందు చెప్పి జీపు ఎక్కబోతుండగా రైతు అడిగాడు: "సార్, చేనికి చెప్పినారు. దీనికీ ఏదన్నా చెప్పండి సార్. రెండు నెలలుగా ఇట్లే కుంటుతా ఉంది." నా చేతిసంచిలో నా మోకాలి నొప్పికి వాడే డైక్లోఫెనాక్ మాత్రలు ఉన్నాయి. "మనుషులు వేసుకునేదే, రోజుకు సగం బిళ్ళ వేసి చూడండి" అని ఒక పట్టీ ఇచ్చి వచ్చాను.

నా మాట మీద గురితో ఆయన తొమ్మిది రోజులు క్రమం తప్పకుండా వేశాడు. పదవ రోజుకు కుక్క మేత మానేసింది. వాంతులు, తారు వంటి నల్లని విరేచనం మొదలయ్యాయి. మండల పశువైద్యుడు రక్తపరీక్ష చేయించి, కడుపులో పుండ్లు పడ్డాయని, మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయని నిర్ధారించారు. కుక్క బ్రతికింది. అయితే ఆరోగ్యంగా మాత్రం కాదు. అప్పటినుండి అది దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిగ్రస్త జీవి. ఆ తరువాత రెండు సంవత్సరాలపాటు ఆ రైతు దానిని ఎలా నిలబెట్టుకున్నాడో దగ్గరగా చూశాను. ఆ పశువైద్యుని వద్ద, తరువాత విశ్వవిద్యాలయ స్థాయి పశువైద్య మిత్రుల వద్ద అడిగి తెలుసుకున్న విషయాలే ఈ వ్యాసానికి ఆధారం.

విస్తరణ శాస్త్రవేత్తకు ఇది ఎందుకు

1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వ్యవసాయము, పశువైద్యము ఒకే గొడుగు క్రింద ఉండేవి. రాజేంద్రనగర్‌లో మేము చదువుకునే రోజులలో పశువైద్య విద్యార్థులతో ఒకే బస్సులో తిరిగాము. 2005లో తిరుపతి కేంద్రంగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వేరుగా ఏర్పడింది. పరిపాలనకు అది మేలే చేసి ఉండవచ్చు. రైతు ఇల్లు మాత్రం అలా రెండుగా విడిపోలేదు. చేను, పాడి, కోళ్ళు, కాపలా కుక్క, ధాన్యపు గాదె వద్ద ఎలుకలు పట్టే పిల్లి అన్నీ అక్కడే ఉన్నాయి. ఎవరు ముందుగా ఆ ఇంటికి వస్తే వారినే అన్నిటి గురించీ అడుగుతారు. ఆవు, గేదెల విషయంలో మనం "డాక్టరును పిలవండి" అని వెంటనే అంటాము. కుక్క, పిల్లి దగ్గరకు వచ్చేసరికి చిన్న విషయమే కదా అని తోచిన సలహా ఇస్తాము. నేను చేసింది అదే.

పైగా మన విద్యార్థులలో అధికభాగం ఇప్పుడు పట్టణవాసులు. వారి ఇళ్ళలో లాబ్రడార్, పొమేరేనియన్, పగ్ వంటి జాతులు పెరుగుతున్నాయి. టీకాలు, మంచి మేత వలన ఈ జంతువులు పది పన్నెండేళ్ళు దాటి బ్రతుకుతున్నాయి. వయస్సుతోపాటు మధుమేహం, కీళ్ళ అరుగుదల, గుండె జబ్బు, మూత్రపిండ వైఫల్యం వస్తున్నాయి. ఒకప్పుడు పార్వో, డిస్టెంపర్ వ్యాధులతో ఏడాది లోపే చనిపోయే జీవులకు ఈ వ్యాధులు వచ్చే అవకాశమే ఉండేది కాదు.

ఇక్కడ "యాజమాన్యం" అనే మాటను బుద్ధిపూర్వకంగానే వాడుతున్నాను. చౌడు భూమిని మనం ఒకసారి నయం చేసి వదిలివేయము. జిప్సం వేస్తాము, మురుగు నీరు పోయే కాలువలు తీస్తాము, తట్టుకునే రకాన్ని ఎంచుకుంటాము, ఏటా మట్టి పరీక్ష చేయిస్తాము. వదిలివేస్తే ఉప్పు మళ్ళీ పైకి తేలుతుంది. దీర్ఘకాలిక వ్యాధి కూడా ఇటువంటిదే. "ఎన్ని రోజుల కోర్సు సార్?" అని యజమాని అడిగే ప్రశ్నకు "అది బ్రతికినన్ని రోజులు" అనేదే సమాధానం. ఈ ఒక్క మాట మొదటి రోజే స్పష్టంగా చెప్పకపోవడం వలన సగం చికిత్సలు మధ్యలో ఆగిపోతున్నాయి.

మూత్రపిండాలు: మిగిలినదానిని కాపాడుకోవడం

కుక్కకు ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 4 లక్షలు, పిల్లికి సుమారు 2 లక్షలు వడపోత నాళికలు ఉంటాయి. చనిపోయిన నాళిక తిరిగి పుట్టదు. మూడింట రెండు వంతులు నశించేవరకు జంతువు మామూలుగానే కనిపిస్తుంది. ఆ దశలో మూత్రాన్ని చిక్కబరిచే శక్తి పోతుంది. అందువలన నీరు ఎక్కువగా త్రాగి, ఎక్కువగా మూత్రం పోస్తుంది. నాలుగింట మూడు వంతులు పోయిన తరువాత గాని రక్తంలో క్రియాటినిన్ పెరగదు. అంటే రక్తపరీక్షలో తేడా కనిపించేనాటికి చేతిలో మిగిలింది పావు వంతే.

మూత్రం చిక్కదనాన్ని కొలిచే పరికరం మన విద్యార్థులకు బాగా తెలిసినదే. చెరకు రసంలో బ్రిక్స్ చూడటానికి వాడే చేతి రిఫ్రాక్టోమీటరు వంటిదే పశువైద్యుని బల్లపైనా ఉంటుంది. కొలబద్ద మాత్రమే వేరు. నీటి సాంద్రతను 1.000గా తీసుకుంటే ఆరోగ్యవంతమైన కుక్క అవసరమైనపుడు మూత్రాన్ని 1.030కి పైగా, పిల్లి 1.035కి పైగా చిక్కబరచగలదు. మళ్ళీ మళ్ళీ చూసినా 1.008 నుండి 1.012 మధ్యనే నిలిచిపోతే మూత్రపిండం పని చేయక కేవలం దారి ఇస్తున్నదని అర్థం. చౌకగా, నిమిషంలో తేలిపోయే ఈ పరీక్షను అడిగి చేయించుకోవడం మంచిది.

వ్యాధి తీవ్రతను ఐరిస్ అనే సంక్షిప్త నామంతో ప్రసిద్ధమైన అంతర్జాతీయ నిపుణుల బృందం నాలుగు దశలుగా విభజించింది. కుక్కలో క్రియాటినిన్ డెసిలీటరుకు 1.4 మిల్లీగ్రాముల లోపు ఉంటే మొదటి దశ, 2.8 వరకు రెండవ దశ, 5.0 వరకు మూడవది, అంతకు మించితే నాలుగవది. పిల్లికి మొదటి హద్దు 1.6, మిగిలినవి అవే. ఈ విభజన జంతువు నీరసించి, నీరు తగ్గి ఉన్న సమయంలో చేయరాదు. కుదుటపడిన తరువాత, మరల మరల పరీక్షించి చేయాలి. మన రైతు కుక్కకు ఆసుపత్రిలో మొదటి రోజు 6.8 ఉన్న విలువ, సెలైను ఎక్కించిన తరువాత కొన్ని వారాలకు 3.4 వద్ద నిలిచింది. అంటే మూడవ దశ. మొదటి రోజు కాగితం చూసి ఆశ వదులుకొని ఉంటే అది అక్కడితో ముగిసేది.

మేత విషయంలో సేద్య శాస్త్రవేత్తకు కొంత విచిత్రంగా తోచే సూత్రం ఒకటి ఉంది. జీవితమంతా నేలకు భాస్వరం చేర్చమని చెప్పినవాడిని, ఈ వ్యాధిలో మేతనుండి భాస్వరం తగ్గించమని చెప్పవలసి వచ్చింది. దెబ్బతిన్న మూత్రపిండం భాస్వరాన్ని బయటకు పంపలేదు. అది రక్తంలో నిలిచి, ఎముకలను కరగదీసే హార్మోనును పెంచి, మిగిలిన నాళికలను మరింత త్వరగా నశింపజేస్తుంది. 2002లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఇటువంటి 38 శునకాలను రెండు వర్గాలుగా చేసి ఒక వర్గానికి భాస్వరం, మాంసకృత్తులు తగ్గించిన మేత ఇచ్చారు. ఆ వర్గంలో ప్రాణాపాయ సంక్షోభాలు గణనీయంగా తగ్గాయి, ఆయుర్దాయం పెరిగింది. ఇంత ఫలితం చూపిన మందు ఈ వ్యాధిలో అరుదు.

ఇందుకు తయారుచేసిన ప్రత్యేక మేతలు అంగడిలో దొరుకుతాయి గాని ఖరీదు ఎక్కువ. పడమటి మండలాల రైతు అవి కొనలేడు. పశువైద్యుడు ఆయనకు చెప్పినది: ఎముకలు, ఎండు చేపలు, కాలేయం పూర్తిగా మానాలి, ఉడికించిన గ్రుడ్డు తెల్లసొన, మెత్తగా వండిన అన్నం, కొంచెం నూనె ప్రధానంగా ఇవ్వాలి. తెల్లసొనలో మాంసకృత్తులు నాణ్యమైనవి, భాస్వరం చాల తక్కువ. అయితే ఈ మిశ్రమం ఒక్కటే నెలల తరబడి పెడితే కాల్షియం, విటమినుల లోపం వస్తుంది. కనుక జంతువు బరువునుబట్టి పశువైద్యునిచేత లెక్క కట్టించుకోవాలి. మాంసకృత్తులు విషమని భావించి పూర్తిగా మాన్పించడం మరొక తప్పు. అప్పుడు కండరాలు కరిగి జంతువు వేరే దారిన క్షీణిస్తుంది. ఊరగాయ కలిపిన అన్నం పెట్టరాదు. నీటి గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి. మూత్రం ఎక్కువ పోస్తున్నదని రాత్రిపూట నీరు తీసివేసే ఇళ్ళు ఉన్నాయి. ఈ వ్యాధిలో అంతకు మించిన అపకారం లేదు.

మూత్రంలో మాంసకృత్తులు పోతుంటే, రక్తపోటు పెరిగితే, వాంతులు వస్తుంటే వేర్వేరు మందులు ఉన్నాయి. అవి వైద్యుని పరిధి. చర్మం క్రింద సెలైను ఎక్కించడం మాత్రం చాలమంది యజమానులు నేర్చుకోగలరు. రైతు కుమార్తె, డిగ్రీ చదువుతున్న అమ్మాయి, రెండు పర్యాయాలు చూసి నేర్చుకుంది. మెడ వెనుక చర్మాన్ని గుడారంలా పైకెత్తి సూది గుచ్చడం, వెచ్చబరచిన సీసాను దూలానికి వ్రేలాడదీయడం అన్నీ ఆమే చేసేది. కుక్క కదలకుండా ఆమె ఒడిలో తల పెట్టుకొని పడుకునేది.

నీటి సీసా, నోటు పుస్తకం

వర్షమాపక కేంద్రం నడిపిన ఎవరికైనా రోజువారీ నమోదు విలువ తెలుసు. మొదటి నెలలో రైతు "ఈ రోజు బాగుంది సార్", "నిన్న బాగలేదు సార్" అని ఫోను చేసేవాడు. దీనివలన వైద్యునికి ఏమీ తెలియదు. నేను ఒక నోటు పుస్తకంలో నాలుగు గడులు గీసి ఇచ్చాను: త్రాగిన నీరు, తిన్న మేత, వాంతి, వారానికి ఒకసారి బరువు. గీతలు గీసిన లీటరు సీసాతో ఉదయం కొలిచి పోయడం, మరుసటి ఉదయం మిగిలినది కొలిచి తీసివేయడం. కుక్క రోజుకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లకు మించి నీరు త్రాగుతుంటే అది అసాధారణమని పరిగణిస్తారు. ఎరువుల తూకం వేసే కాటాపై రైతు కుక్కను ఎత్తుకొని నిలబడి, తరువాత ఒంటరిగా నిలబడి, తేడా వ్రాసేవాడు. పద్దెనిమిది కిలోల జీవి మూడు వారాలలో పదహారున్నరకు దిగిందని ఆ పుస్తకం వలననే బయటపడింది. కంటికి ఎవరికీ తెలియలేదు.

ఇతర వ్యాధులలోనూ ఇంటివద్ద కొలవగలిగినది ఏదో ఒకటి ఉంటుంది. గుండె కవాటం చెడిన చిన్నజాతి ముసలి కుక్కలకు నిద్రలో శ్వాస లెక్కించాలి. నిమిషానికి 30 లోపు ఉండాలి. రోజురోజుకు పెరుగుతూ 30 దాటితే ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నదని అనుమానించి అదే రోజు వైద్యుని వద్దకు వెళ్ళాలి. దగ్గు వచ్చేవరకు ఆగరాదు. మూర్ఛ వ్యాధిలో ప్రతి మూర్ఛ తేదీ, నిడివి గడియారం చూసి వ్రాయాలి. అయిదు నిమిషాలు దాటితే అది అత్యవసరం. మనుషులకు చేసినట్లు తాళం చెవుల గుత్తి తాకించడం, నోట్లో చెయ్యి పెట్టడం పనికిరాదు. ఫినోబార్బిటాల్ వంటి మందు మొదలుపెట్టిన తరువాత "ఆరు నెలలుగా రాలేదు కదా" అని ఒక్కసారిగా ఆపితే మునుపటికంటె తీవ్రమైన మూర్ఛలు వస్తాయి.

మధుమేహం

ఈ వ్యాధి గురించి మానవునికి తెలిసినదానిలో అధికభాగం కుక్క ఇచ్చినదే. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో ఫాన్ మెరింగ్, మింకోవ్‌స్కీ కుక్క క్లోమాన్ని తొలగించినపుడు దానికి మధుమేహం వచ్చింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ క్లోమసారాన్ని ఎక్కించి అటువంటి కుక్కలలో చక్కెర తగ్గించగలిగారు. మరుసటి సంవత్సరం జనవరిలో మొదటి రోగికి అది అందింది. నూరేళ్ళ తరువాత మన ఇంటి కుక్కకు అదే మందు వేయడానికి "కుక్కకు ఇన్సులినా?" అని నవ్వేవారు ఉన్నారు.

కుక్కలలో వచ్చే మధుమేహానికి దాదాపు ఎల్లప్పుడూ ఇన్సులిన్ తప్పనిసరి. మాత్రలు పనిచేయవు. సాధారణంగా పన్నెండు గంటలకొకసారి, మేతతోపాటు. పిల్లులలో పరిస్థితి వేరు. అది స్థూలకాయంతో ముడిపడిన వ్యాధి. తొలి దశలోనే ఇన్సులిన్, పిండి పదార్థం తక్కువగా ఉన్న మేత ఇస్తే కొన్ని పిల్లులలో ఇన్సులిన్ అవసరమే లేని స్థితి వస్తుంది. ఆడ కుక్కలలో ఎదకు వచ్చిన తరువాతి వారాలలో ప్రొజెస్టెరాన్ ప్రభావం వలన ఇన్సులిన్ పని చేయకుండా పోతుంది. గర్భసంచి, అండాశయాలు తీయించకుండా అటువంటి కుక్కలో చక్కెరను అదుపు చేయాలనుకోవడం గండి పూడ్చకుండా చెరువు నింపడమే. మధుమేహం ఉన్న కుక్కలలో అధికశాతానికి ఒకటి రెండేళ్ళలో కంటిలో శుక్లాలు వస్తాయని యజమానికి ముందే చెప్పాలి. లేకుంటే ఇన్సులిన్ వలననే చూపు పోయిందని నమ్ముతారు.

పిచికారీ మందుల మోతాదు లెక్కలు నేర్పే మనకు ఒక విషయం ప్రత్యేకంగా పట్టాలి. మన దేశంలో ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్ల గాఢతలోను, 100 యూనిట్ల గాఢతలోను దొరుకుతుంది. సిరంజీలు కూడా రెండు రకాలు: ఎర్ర మూతది 40కి, నారింజ మూతది 100కి. 100 గాఢత మందును 40 సిరంజీలో 10 గీతల వరకు తీస్తే లోనికి వెళ్ళేది 25 యూనిట్లు. అది ప్రాణం తీయగల మోతాదు. తారుమారుగా చేస్తే వెళ్ళేది 4 యూనిట్లు. చక్కెర తగ్గక, మందు పనిచేయలేదని అపోహ పడతారు. సీసా మీద అంకె, సిరంజీ మీద అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూడాలి. ఇన్సులిన్ తరువాత జంతువు తూలడం, వణకడం, సొమ్మసిల్లడం జరిగితే తేనెగాని, గ్లూకోజు లేక చక్కెర పాకంగాని వ్రేలితో చిగుళ్ళకు రాసి వెంటనే వైద్యునికి చూపాలి. నోట్లో పోయరాదు, ఊపిరితిత్తులలోకి పోతుంది.

బరువు

ప్రయోగ రూపకల్పన బోధించేటపుడు నేను ఇప్పుడు వరి, వేరుశనగ ఉదాహరణలతోపాటు ఒక కుక్కల ప్రయోగాన్ని కూడా చెబుతున్నాను. 48 లాబ్రడార్ పిల్లలను, ఒకే ఈతలో పుట్టినవాటిని, 24 జతలుగా విడదీశారు. జతలో ఒకదానికి ఇచ్చిన మేతకంటె రెండవదానికి 25 శాతం తక్కువ ఇచ్చారు. జీవితాంతం అలాగే కొనసాగించారు. 2002లో వెలువడిన ఫలితం ప్రకారం మధ్యస్థ ఆయుర్దాయం ఎక్కువ తిన్నవాటికి 11.2 సంవత్సరాలు, తక్కువ తిన్నవాటికి 13.0 సంవత్సరాలు. కీళ్ళ అరుగుదలకు చికిత్స అవసరమైన వయస్సు కూడా తక్కువ తిన్నవాటిలో ఆలస్యమైంది. జన్యుభేదం, పరిసరభేదం రెండూ తొలగించిన ఇంత శుభ్రమైన ప్రయోగం పంటలలోనే అరుదు. ఒక జీవిత కాలం వేచి చూసే ఓర్పు మన పరిశోధనా పథకాలకు ఎప్పుడు వస్తుందో తెలియదు.

మన పట్టణ ఇళ్ళలో కుక్క లావెక్కడానికి కారణం ఆకలి కాదు, మర్యాద. ఇంటిల్లిపాది తలా ఒక మేరీ బిస్కెట్టు, పెరుగన్నం ముద్ద పెడతారు. ఎవరికి వారు తాము పెట్టింది కొంచెమే అనుకుంటారు. ఉదయమే రోజు మేత అంతా ఒక డబ్బాలో కొలిచి ఉంచి, ఎవరు పెట్టినా అందులోనుండే పెట్టాలన్న నియమం చాలు. ప్రక్కటెముకలు కంటికి కనబడనవసరం లేదు గాని, చేతితో తడిమితే సులభంగా తగలాలి. కీళ్ళ నొప్పికి మొదటి మందు ఇదే. తరువాత పశువుల కోసం ఆమోదించిన నొప్పి మందులు, రక్తపరీక్ష చేయించి, వైద్యుడు వ్రాసిన మోతాదులో మాత్రమే. మన రైతు కుక్కకు జరిగిన నష్టం ఇక్కడే. నొప్పిని కలిగించే ప్రోస్టాగ్లాండిన్లే కడుపు పొరను, మూత్రపిండానికి రక్తప్రసారాన్ని కాపాడుతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి కుక్క శరీరంలో ఆ రక్షణను తొలగిస్తాయి. రాబందుల మరణాల వలన పశువైద్యంలో డైక్లోఫెనాక్‌ను మన దేశంలో 2006లోనే నిషేధించారు. ఆ సంగతి నాకు తెలిసి ఉండి కూడా కుక్క విషయంలో గుర్తుకు రాలేదు.

పిడుదులు, ఇల్లు, పురుగుమందు

ఆ కుక్క రక్తంలో మరొకటి కూడా బయటపడింది. పిడుదు జ్వరం. ఎర్లీకియా కేనిస్ అనే సూక్ష్మజీవిని గోధుమరంగు కుక్కపిడుదు వ్యాపింపజేస్తుంది. మొదట జ్వరం వచ్చి తగ్గుతుంది. తరువాత నెలలు, సంవత్సరాలు ఏ లక్షణం లేకుండా దాగి ఉండి, చివరకు ఎముక మజ్జను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. చిగుళ్ళు పాలిపోవడం, ముక్కునుండి రక్తం కారడం చివరి దశ గుర్తులు. డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడాలి. నాలుగవ రోజుకే కుక్క లేచి తింటుంది, అక్కడితో యజమాని ఆపుతాడు. దీర్ఘకాలిక దశకు ఆ ఆపడమే దారితీస్తుంది.

ఈ పిడుదు జీవితంలో అత్యధికభాగం కుక్కపై గడపదు. గోడ పగుళ్ళలో, మంచం సందులలో, పశువుల కొట్టంలో ఉంటుంది. ఆడ పిడుదు అక్కడే వేల గ్రుడ్లు పెడుతుంది. కుక్కకు మాత్రమే మందు వేయడం, నేలలో కోశస్థ దశను వదిలి ఆకులపై మాత్రమే పిచికారీ చేయడం వంటిది. పగుళ్ళు పూడ్చడం, పరుపు గోనెలు వేడినీటిలో ఉతకడం, సున్నం వేయడం కూడా చేయాలి.

ఇక మనకు నేరుగా సంబంధించిన విషయం. పంటకు కొన్న పురుగుమందును బకెట్టులో కలిపి కుక్కకు పోసే అలవాటు పల్లెలలో ఉంది. ఆర్గానో ఫాస్ఫేటు మందులు చర్మం ద్వారానే ఎక్కి చొంగ, వణుకు, మరణం కలిగిస్తాయి. కుక్కలకు అమ్మే పెర్మెత్రిన్ మందు పిల్లికి రాస్తే అది కూడా చనిపోవచ్చు. మనం రైతు శిక్షణలో పురుగుమందుల భద్రత గురించి చేతి తొడుగులు, ముఖకవచం వరకు చెబుతాము. ఈ రెండు వాక్యాలు కూడా చేర్చడానికి అర నిమిషం చాలు. అలాగే ఎలుకల నిర్మూలన చెప్పేటపుడు బ్రోమాడయొలోన్ తిన్న ఎలుకను తిన్న పిల్లికి, కుక్కకు రక్తం గడ్డకట్టే శక్తి పోతుందని, విటమిన్ కె చికిత్స ఉందని చెప్పాలి.

పిల్లి వేరు

పిల్లిని చిన్న కుక్కగా భావించరాదు. మాంసాహారం లేకుండా అది బ్రతకలేదు. టారిన్ అనే పదార్థాన్ని అది తగినంతగా తయారుచేసుకోలేదు. మేతలో టారిన్ తగ్గితే గుండె కండరం సాగి బలహీనపడుతుందని, తిరిగి ఇస్తే కోలుకుంటుందని 1987లో అమెరికాలో తేలింది. పాలు, అన్నంతోనే పెరిగే మన పల్లె పిల్లి ఆరోగ్యంగా కనబడితే అందుకు కారణం అది పట్టుకునే ఎలుకలు. అదే పిల్లిని అపార్టుమెంటులో బంధించి పెరుగన్నమే పెడితే ఆ లోటు తీర్చేవారు ఉండరు. చేప, కోడిమాంసం, సమతుల మేత ఇవ్వడానికి ఇష్టపడని ఇల్లు పిల్లిని పెంచకపోవడమే మంచిది.

500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ బిళ్ళ ఒక్కటి పిల్లిని చంపగలదు. ఆ మందును నిర్వీర్యం చేసే వ్యవస్థ దాని కాలేయంలో దాదాపు లేదు. రక్తం ప్రాణవాయువును మోయలేక చిగుళ్ళు గోధుమ రంగుకు మారతాయి. మగపిల్లి పదేపదే మూత్రానికి కూర్చుని చుక్క కూడా పోయలేకపోతే అది మలబద్ధకం అనుకుని మర్నాటికి వాయిదా వేయరాదు. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజులలో చనిపోతుంది. పిల్లి బాధను దాచుకుంటుంది. గోడ ఎక్కడం మానడం, ఒళ్ళు నాకి శుభ్రం చేసుకోకపోవడం, బరువు తగ్గడం తప్ప వేరే ఫిర్యాదు దాని వద్ద ఉండదు.

ఎంతవరకు

చికిత్స కొనసాగించడమా, మానడమా అనే ప్రశ్న ఏదో ఒక రోజు వస్తుంది. డబ్బు అందులో భాగమే. దానిని దాచి మాట్లాడటం వలన పేద యజమాని అపరాధభావంతో ఆసుపత్రికి రావడమే మానేస్తాడు. తనకు వీలైనంత ఖర్చులో ఏమి చేయవచ్చో వైద్యుని అడిగే హక్కు ఆయనకు ఉంది. మూడవ దశ మూత్రపిండ వ్యాధిలో తెల్లసొన అన్నం, నిండు నీటి గిన్నె, వారానికి రెండుసార్లు సెలైను కూడా చికిత్సే. తినడం, తోక ఊపడం, తనంతట తాను బయటకు వెళ్ళి రావడం, ఇష్టమైన మనిషిని గుర్తించడం వంటి అయిదారు విషయాలను పుస్తకంలో రోజూ గుర్తు పెట్టుకుంటూ పోతే, చెడు రోజులు మంచి రోజులకంటె ఎక్కువైన వారం కాగితంపైనే కనబడుతుంది. నొప్పి లేకుండా ముగించే దయామరణం గురించి ఆ వారంలో మాట్లాడవచ్చు. పల్లెలలో చాలమంది దానికి ఒప్పుకోరు. ఒప్పుకోనివారికి కనీసం వాంతి, నొప్పి తగ్గించే మందులైనా ఆగకుండా అందాలి.

ఆ కుక్క తరువాతి రెండు ఖరీఫ్‌లు చూసింది. రాత్రి కాపలాకు వెళ్ళడం మానేసింది గాని, పందుల అలికిడికి ఇంటి అరుగు మీదనుండే మొరిగేదని రైతు చెప్పాడు. నా పొరపాటును ఆయన ఒక్కసారి కూడా ఎత్తిచూపలేదు. రెండవ సంవత్సరం మార్గశిరంలో ఫోను చేసి, నోటు పుస్తకం నాకు కావాలేమో అని అడిగాడు. ఇప్పుడు అది నా బల్ల సొరుగులో ఉంది. చివరి పుటలో నీటి గడిలో వరుసగా 1400, 1350, 600, 200 అంకెలు ఉన్నాయి. ఆ క్రింది వరుసలో అంకెకు బదులు ఆ అమ్మాయి చేతివ్రాతలో "ముట్టలేదు" అని ఉంది. తేదీ గడి ఆ తరువాత కూడా మరో మూడు వరుసల వరకు ముందుగానే నింపి ఉంది.